ఏడు వంగమొక్కలు

పెరట్లో బోర్లించిన పగులు గోలెంలో ఎలుకమ్మ కాపురం. వానల భయంతో ఆఖరి విత్తనాలు ఏడింటినీ లోపలే కొబ్బరి చిప్పల్లో పెడితే, వంగమొక్కలు మొలిచాయి. బయట ఒకరోజు ఎండ, మర్నాడు వడగళ్లు.

“ఆకాశం తేటగా ఉంది వదినా, బయట నాటెయ్,” అంది గుమ్మంలో నత్త.

నత్తకు లేతాకులంటే ప్రాణం. ఎలుకమ్మ నమ్మలేదు.

“నాటకు మరదలా, వడగళ్లు తప్పవు,” అన్నాడు చిప్పల మధ్య కూర్చున్న కప్ప.

వారంపాటు ఎలుకమ్మ కప్ప మాటే వింది. మొక్కలు పాలిపోయి, వెలుతురున్న పగులు వైపు సాగాయి. కప్ప మాత్రం బలిశాడు. ఎలుకమ్మ ఓ కన్నేసి ఉంచింది. తడి చిప్పల మీద మూగే దోమలన్నీ కప్ప నోట్లోకే పోతున్నాయి.

“ఇందుకా బావా నీ వడగళ్లు!”

“అబ్బే, నీ మేలు కోరి...”

ఎలుకమ్మ మొక్కలన్నీ బయట నాటి, పక్కనే ఖాళీ అయిన తడి చిప్పలు పెట్టింది.

“దోమలు ఇక్కడికే వస్తాయి. నువ్వూ ఇక్కడే కూర్చో. నిన్ను చూస్తే నత్త రాదు. వడగళ్లొచ్చేలా ఉంటే అరిచి చెప్పు, మొక్కల మీద చిప్పలు బోర్లిస్తాను.”

“నా నెత్తిన పడితే?”

“అందుకే అడుగుతున్నా. ఇప్పుడు చెప్పు, పడతాయా?”

కప్ప మొదటిసారి తలెత్తి ఆకాశం కేసి చూశాడు.