అరటిపండు వాసన

"మీ ఇంటి వైనుకుండే అరటిపండు వాసన ఏదమ్మా ఈసారి?" బార్ నడిపే మార్సెలెన్ గ్లాసును మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నవంబరు మూడో గురువారం. ఫ్రాన్సులోని బొజొలేలో కొత్త వైను సీసాలు తెరిచే రోజు. కాలు విరిగి నాన్న కుర్చీకే పరిమితమవడంతో ఈ ఏడు ఒడిల్ ఒక్కతే వైను చేసింది.

"నాన్న నేర్పినట్టే చేశాను. ద్రాక్ష తనంతట తానే పులిసింది. ప్యాకెట్ ఈస్టు చిటికెడు కూడా వెయ్యలేదు."

"ఓసి పిచ్చిదానా! ప్యాకెట్ వేస్తేనే కదా ఆ వాసన వచ్చేది!"

ఒడిల్ పక్కనే కుర్చీలో ఉన్న తండ్రి వైపు తిరిగింది. ఆన్సెల్మ్ తన చేతికర్రనే చూస్తున్నాడు.

"ప్యాకెట్ వేసేవాడు దొంగ, వాణ్ణి పెళ్లి చేసుకోవద్దన్నావు. నీ మాట విని బాస్తియాన్‌ని కాదన్నాను. మరి నువ్వు?"

"ముప్పై ఏళ్లుగా వేస్తున్నా."

"మరి అతన్నెందుకు వద్దన్నావు?"

"నేను కొట్లో ప్యాకెట్లు కొంటుంటే చూశాడు. నీకు చెప్పేస్తాడని భయమేసింది."

ఒడిల్ గ్లాసు కింద పెట్టింది.

"అతను చెప్పలేదు నాన్నా. నువ్వు దొంగవని అతని మొహమ్మీదే అన్నాను. అప్పుడు కూడా నీ పేరెత్తలేదు."