డ్రిల్లు మాస్టారి కుర్చీ

"ఇవాళైనా లేచి నిలబడి వ్యాయామం చేయించు నాన్నా! కట్టు విప్పి నెల దాటింది. కాలు అతుక్కుందని డాక్టరు చెప్పారుగా!" అంది కూతురు, ట్యాబ్‌ను స్టూలు మీద నిలబెడుతూ.

"రేపు చూద్దాంలే. తల, ఛాతీ కనపడితే చాలు, అలా పెట్టు," అన్నారు డ్రిల్లు మాస్టారు, కుర్చీలో సర్దుకుంటూ.

బాత్రూంలో జారిపడినప్పటి నుంచి ఆయనకు నేలంటేనే భయం. ఆ మాట పైకి చెప్పుకోవడం నామోషీ. ఇలాగే కూర్చుంటే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించినా కుర్చీ వదల్లేదు.

ఏడు కాగానే తెర మీద ఎనిమిది ముఖాలు ప్రత్యక్షమయ్యాయి. అందరూ ఆయనతో ఒకే బడిలో పనిచేసి రిటైరైనవాళ్లే. మాస్టారు ఈల ఊదారు.

"చేతులు పైకి! ఒకటీ... రెండూ... ఇప్పుడు మోకాళ్లు ఎత్తండి! సైన్సు టీచరుగారూ, మీ మోకాలు కనపడదేం?"

"కుర్చీలో ఉన్నానండీ. ఇవాళ ఓపిక లేదు."

"నాకూ లేదు మాస్టారూ," అంటూ లెక్కల మాస్టారు కాఫీ కప్పు ఎత్తి చూపించారు.

ఒక్కొక్కరే కెమెరా కిందికి దించారు. అన్నీ కుర్చీలే. బడి గుమస్తా అయితే ఏకంగా మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు.

మాస్టారి ముఖం జేవురించింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన పీరియడ్లో కూర్చునే సాహసం ఎవరూ చేయలేదు.

"సిగ్గులేదూ! డ్రిల్లు పీరియడ్లో కూర్చుంటారా? లేవండి! అందరూ లేవండి! ఇదిగో, ఇలా!"

తెర మీంచి ఆయన తల మాయమైంది. చొక్కా గుండీలు వచ్చాయి, వెనకే బెల్టు. ఎనిమిది ఇళ్లలోంచీ ఒక్కసారిగా చప్పట్లు.

"చప్పట్లెందుకయ్యా? నేను చెప్పానా?" అని గద్దిస్తూ మాస్టారు కిందికి చూసుకున్నారు. రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరిగిపోయి ఉంది.

గుమ్మంలో నిలబడ్డ కూతురు కళ్లు తుడుచుకుంటూ ఫోను చూసుకుంది. నాన్నను చేర్చకుండా పెట్టిన గ్రూపులో, నిన్న తాను పంపిన మెసేజ్:

"రేపు క్లాసులో దయచేసి ఎవరూ నిలబడకండి. మా నాన్నకి బాగా కోపం రావాలి."