మూడో చోటు

"డెస్మండ్ హేల్! ఇంకెవరుంటారయ్యా? మూడో చోటు కళ్లు మూసుకుని డెస్మండ్‌కే!"

రేడియోలో ఆటల కబుర్లు చెప్పే బజ్ కోలెట్ కేక వినగానే వెర్నా చేతిలోని చిక్కుడుకాయలు గిన్నెలో పడాల్సింది పోయి నేలపాలయ్యాయి.

"మొదలైంది," అన్నాడు ఆమె భర్త వర్జిల్, వంగి ఏరుతూ. "ఆ ఏడాది పేరెత్తితే చాలు, నీకు జ్వరం వచ్చేస్తుంది. కూర్చోవే!"

వెర్నా కూర్చోలేదు. కాలుకాలిన పిల్లిలా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ నొక్కుతూనే ఉంది.

జూన్ వచ్చి, బాస్కెట్‌బాల్ జట్లు ఒకదాని తర్వాత ఒకటి కొత్త కుర్రాళ్లను ఎంచుకునే రోజు దగ్గరపడితే బజ్‌కి ఇదో సరదా. పాత ఏడాదొకదాన్ని తవ్వి, ఆ ఎంపికంతా మళ్లీ మొదటినుంచి చేస్తాడు. ఎవడు మొనగాడయ్యాడో, ఎవడు బోల్తాపడ్డాడో ఇప్పుడు అందరికీ తెలుసు కదా! జరిగిపోయాక తెలివికేం కరువు? అయినా ఇండియానా జనం పనులు మానుకుని మరీ వింటారు. బజ్ గంట కొట్టేలోపు ఫోన్ చేసి అతన్ని ఒప్పించగలిగితే పేరు మారుస్తాడు. గంట కొట్టాడా, ఇక ఖాయం.

ఈసారి తవ్వింది పద్దెనిమిదేళ్ల కిందటి ఎంపికని. మొదటి ఇద్దరి గురించి పేచీ లేదు. మూడో చోట లేక్‌షోర్ జట్టు లామాంట్ ప్రూయెట్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. రెండేళ్లకే వాడి ఆట ముగిసింది. నాలుగో చోట ఇంకో జట్టుకి వెళ్లిన డెస్మండ్ హేల్ పదహారేళ్లు ఏలాడు.

"వాళ్లు ఇప్పుడు నిజంగా ఎవరినన్నా పట్టుకుపోతారా ఏంటి?" అన్నాడు వర్జిల్. "ఉత్త కబుర్లేగా!"

"నీకు కబుర్లే. నాకు కాదు."

లైను కలిసింది.

"మన్సీ నుంచి వెర్నా గారట! చెప్పండమ్మా, డెస్మండే కదా?"

"కాదు. మూడో చోట లామాంట్‌నే ఉంచండి."

బజ్ పగలబడి నవ్వాడు. "ఏంటమ్మా పొద్దున్నే ఏమన్నా పుచ్చుకున్నారా? లేక్‌షోర్ జనం ఆ పేరు వింటే ఇప్పటికీ ఉమ్మేస్తారు. మొదటి ముప్పైమందిలో కూడా నేను వాణ్ణి రాయలేదు!"

"ఉమ్మేవాళ్లకేం తెలుసు? పాదంలో ఎముక చిట్లిందని ఆ పిల్లాడు మొత్తుకుంటుంటే, సూది పొడిచి ఆడించారు. నొప్పి తెలీకపోతే ఎముక అతుక్కుంటుందా? మూడు నెలలు ఆడించారు. నుజ్జయిపోయింది. ఆ క్రిస్మస్‌కి మా వంటింట్లో కూర్చుని, మంచుగడ్డల బకెట్లో కాలు పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇరవై రెండేళ్లవాడు! ఇప్పుడు కుంటుకుంటూ స్కూలు బస్సు తోలుకుంటున్నాడు."

బజ్ నవ్వు ఆగింది. "అయ్యో. అది నాకు తెలీదమ్మా." గొంతు సవరించుకున్నాడు. "సరే, ఓ పని చేద్దాం. వాడికి ఐదో చోటు ఇస్తా. కాలు బాగుండుంటే అంతటివాడే. మూడులో డెస్మండ్ ఉంటాడు. సరేనా?"

"వద్దు."

"అమ్మా, ఐదంటే మాటలా!"

"మీరు ఒకటిచ్చినా నాకొద్దు. లామాంట్ మూడులోనే ఉండాలి."

వర్జిల్ చిక్కుడుకాయ తుంచడం ఆపాడు. "వెర్నా, చాల్లే, పెట్టెయ్," అన్నాడు మెల్లగా. ఆమె చేత్తో విసిరినట్టు సైగ చేసింది.

"భలే మొండివారే!" అన్నాడు బజ్. "ఆలోచించండి. డెస్మండ్ వెళ్లుంటే లేక్‌షోర్‌కి ఈపాటికి మూడు కప్పులొచ్చేవి!"

"ఏమొచ్చేవి? డెస్మండ్ వెళ్లుంటే డెస్మండ్ కాలూ పోయేది! అదే డాక్టరు, అదే సూది. మీ మొనగాడూ ఇవాళ బస్సే తోలుకునేవాడు. అప్పుడు వాణ్ణి చూసీ ఉమ్మేవారు మీరంతా!"

రేడియోలో గంట జరిపిన చప్పుడు వినిపించింది. బజ్ చెయ్యి గంట మీదికి పోతోందేమోనని వెర్నా ఫోన్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"గంట కొట్టకండి బాబూ," అంది. ఇందాకటి జోరంతా పోయింది. "మీకు పుణ్యముంటుంది."

"ఇన్నేళ్లుగా నేనూ ఆ కుర్రాణ్ణి ఆడిపోసుకున్నానమ్మా," అన్నాడు బజ్ చివరికి. "సిగ్గుగా ఉంది. ఇదిగో వినండి అందరూ. మూడో చోటు, లేక్‌షోర్, లామాంట్ ప్రూయెట్!"

గంట మోగింది.

"సంతోషమేనా అమ్మా? మీ అబ్బాయిని బజ్ అడిగాడని చెప్పండి. ఇలాంటి తల్లి ఉండాలి ఎవరికైనా!"

వెర్నా ఫోన్ పెట్టేసి అప్పటికి కుర్చీలో కూలబడింది.

వర్జిల్ రేడియో కట్టేసి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. "బస్సులో రేడియో పెట్టుకునుంటే లామాంట్ కూడా వినుంటాడు. సంబరపడతాడు పాపం."

"సంబరమా?" వెర్నా గ్లాసు ముట్టకుండానే భోరుమంది. "ఆ పిల్లాణ్ణి నా చేత్తో మళ్లీ అక్కడికే తోసేశానయ్యా!"

వర్జిల్ ఆమె వీపు నిమిరాడు.

వెర్నా కన్నది లామాంట్‌ని కాదు, వాడి నేస్తం డెస్మండ్‌ని.