వంజరం ఉందా?

గంగాలమ్మత్త వెబ్‌సైటులో ఏ చేప బొమ్మ నొక్కినా ధర కనిపిస్తోంది, ఒక్క వంజరం నొక్కితే మాత్రం ఖాళీ పేజీ వస్తోంది. ఫిషింగ్ హార్బర్‌లో ఆమె గంప పక్కనే కూర్చుని, లాప్‌టాప్ మీద పడే నీళ్ళు తుడుచుకుంటూ దాన్ని సరిచేస్తున్నాను.

“ఈ రోజు నీ దగ్గర వంజరం లేదు కదత్తా. లేదని రాసేస్తాను.”

“నేదని పంపేత్తావేటే? ఒట్టి సేతుల్తో ఎల్లినోడు సికెన్ కొట్టుకి పోతాడు. ఆ రుసి మరిగితే మళ్ళీ సేపల కాడికి రాడు. దాని నంబరెట్టు.”

గడ్డంతో పక్క గంప వైపు చూపించింది. అక్కడున్నది అసిరమ్మ. గొడుగు నీడ కోసం తగువుపడి, ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. కొనడానికి వచ్చినవాళ్ళను మాత్రం ఇలాగే గడ్డం ఊపి ఒకరి దగ్గరికొకరు పంపుకుంటారు.

సరే, వంజరం బొమ్మ నొక్కితే అసిరమ్మకు ఫోను వెళ్ళేలా లింకు పెట్టాను. పనిచేస్తోందో లేదో చూడమని నా ఫోనులో నొక్కి అత్త చేతికిచ్చాను. పక్క గంప దగ్గర ఫోను మోగింది.

“అలో, ఎవురు?” అంది అసిరమ్మ.

అత్త తల తిప్పలేదు. “వంజరం ఉందా?”

బారెడు దూరంలో ఉన్న అసిరమ్మ కూడా ఇటు తిరగలేదు.

“ఉంది, పంపు,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “టిపినీ తిన్నావేటి?”

“నేదు. నువ్వో?”

లింకు పనిచేస్తోందని తేలిపోయింది. అయినా ఫోను తిరిగి ఇమ్మని నేను అడగలేదు.