శనివారం చేసిన మంగళవారం

మా తీరానికి నెలకో తుఫాను వస్తోందని ప్రభుత్వం ఇంటింటికీ ఓ రోబోనిచ్చింది. మా తమ్ముడు నూకరాజుకి ముప్పై ఏళ్లు. పుట్టుకతోనే వాడి ఎదుగుదల వేరు. ఏ పనైనా అలవాటైన రోజునే చేస్తాడు. అందుకే రోబో వాడిచేత ప్రతి శనివారం తుఫాను సాధన చేయించేది. చెప్పులేసుకోవాలి, రేడియో చంకన పెట్టుకోవాలి, రోబో వీపెక్కి షెల్టర్‌కి పోవాలి.

అసలు తుఫాను మంగళవారం వచ్చి చచ్చింది.

నీళ్లు గడప దాటాయి. రోబో వంగి వీపు చూపించింది. వాడు మంచం మీద మఠం వేసుకుని కదల్లేదు.

"ఇవాళ మంగళారం," అన్నాడు.

బతిమాలాను, తిట్టాను. నీళ్లు మంచంకోళ్లు ఎక్కుతున్నాయి.

"నీకు పుణ్యముంటుంది, ఇవాళ్టిని శనివారం చెయ్యి," అన్నాను రోబోతో.

అది పైవాళ్లనడిగింది. గోడమీది తెరలో కేలండరు మారింది. వీధి మైకు కూడా శనివారమేనంది. వాడు చెప్పులేసుకుని, రేడియో పట్టుకుని, బుద్ధిగా వీపెక్కాడు.

షెల్టర్‌లో గుడ్ల కూర ఘుమఘుమలాడుతోంది.

"శనారం గుడ్డేంటి?" అన్నాడు నూకరాజు.

వంట రోబో కేలండరు చూసుకుని, కూర తీసేసి పప్పు వడ్డించింది. తడిసి వణుకుతున్న ఊరంతా నన్ను కొరికేసేలా చూసింది.

పొద్దున్నే రోబో, "ఇవాళ బుధవారం," అంటూ కేలండరు సరిచెయ్యబోయింది.

"నిన్న శనారం కదా," అన్నాడు నూకరాజు పళ్లెం ముందు పెట్టుకుని. "ఇవాళ ఆదివారం. కోడికూర ఏదీ?"

రోబో ఊళ్లోవాళ్ల వైపు తిరిగి, ఏ వారమని అడిగింది.

అప్పటికే ఊరంతా వాడి పక్కన బంతిలో కూర్చుంది.