రెండో గుర్తు

"ఈ నంబరు ఏ ఇంటిదో చెప్పు. చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను," అంటూ లెక్కల టీచరు చొక్కాని లాండ్రీ బల్ల మీద పరిచింది.

నీలం గళ్ల చొక్కా. ఆమె భర్తది. కాలరు లోపల ఎర్రదారంతో నలభై ఎనిమిది అని కుట్టి ఉంది. అది వాళ్లింటి గుర్తే. కింద అంచు మడతలో మాత్రం అదే దారంతో డెబ్బై.

లాండ్రీ ఆయన వంగి చూశాడు. చూసి, వెనక్కి జరిగి గోడకి చేరగిలబడ్డాడు.

"అది చెప్పకూడదు టీచరమ్మా. ఎవరి దుప్పటి మీద ఏ మరకుందో పక్కింటికి తెలియకూడదనే ఇంటి నంబరు మార్చి కుడతాం. నేను నోరు జారితే రేపు నాకు బట్టలెవరు వేస్తారు?"

"నీ బట్టల సంగతి సరే, నా కాపురం సంగతేంటి? వారంలో మూడు రోజులు ఊళ్లు తిరిగే మనిషి. ఇంకో ఇంట్లో చొక్కా విప్పబట్టేగా రెండో గుర్తు పడింది? అడిగితే నాకేం తెలుసంటాడు. ఆరు గంటల బస్సుకి మా అక్క దగ్గరికి పోతున్నా. పెట్టె సర్దేశా."

"తొందరపడకండమ్మా. అయ్యగారు అలాంటి మనిషి కాదు."

"అయితే ఇల్లు చెప్పు."

అతను పైకప్పు చూశాడు. పక్కన ఇస్త్రీ చేస్తున్న అతని భార్య తల ఎత్తలేదు.

టీచరు సంచిలోంచి పెన్సిలు తీసి, లాండ్రీ చీటీ వెనక రాయడం మొదలుపెట్టింది.

"మాది పద్నాలుగు, గుర్తు నలభై ఎనిమిది. మా అత్తగారిల్లు ఇరవై ఏడు, ఆవిడ చీరల మీద డెబ్బై తొమ్మిది." పెన్సిలు కాసేపు ఆగింది. "ఓస్, ఇంతేనా. నంబరు తిరగేసి ఏడు కలుపుతున్నావు. మా ఆరో క్లాసు పిల్లలు చెప్పేస్తారు."

లాండ్రీ ఆయన గోడకి ఇంకాస్త అతుక్కున్నాడు.

"డెబ్బైలో ఏడు తీసేస్తే అరవై మూడు. తిరగేస్తే ముప్పై ఆరు. ఈ వీధిలో ముప్పై ఆరు ఎవరిది?"

ఆమె మెట్లు దిగి వీధిలో నిలబడింది. ఎదురుగా ఉన్నది ముప్పై ఐదు. ఇటు తిరిగి తలెత్తింది. లాండ్రీ గుమ్మం పైన, వెలిసిన రంగులో, ముప్పై ఆరు.

లోపలికి వచ్చింది. ఈసారి ఆయన్ని చూడలేదు, ఆయన భార్యని చూసింది.

"ఊళ్లు తిరుగుతున్నాడనుకున్నా," అంది నెమ్మదిగా. "నాలుగడుగులేనన్నమాట."

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఆ మాట అక్కడే ఆపండి టీచరమ్మా. ఆ కుట్టు నాదే. మా ఇంట్లో విడిచిన బట్ట మా ఇంటిదే అనుకుని కుట్టేశా, కాలరు చూసుకోలేదు. విడిచిందెవరో మాత్రం ఈయన్నే అడగండి." భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, చెప్తావా, పక్కకి జరుగుతావా?"

అతను చెప్పనూ లేదు, జరగనూ లేదు.

ఆవిడ రెక్క పట్టుకుని లాగింది. అతని వీపు వెనక గోడకి కొత్త ఫొటో: ఎవరిదో పెళ్లి, దంపతుల పక్కన పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ లాండ్రీ ఆయన, ఒంటి మీద నీలం గళ్ల చొక్కా.