ఎలుకను చంపని మనిషి

"ఏమండీ, మళ్ళీ పడింది. మీ అల్లుడుగారిని సాగనంపి రండి," అంది భార్య, బోనును కాలితో గడప దాకా నెడుతూ.

ఆయన నవ్వి బోనును గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. పక్కనే ధాన్యం గోదాము ఉండటంతో ఆ వీధిలో ఎలుకలకు కొదవ లేదు. అందరూ మందు పెడతారు, జిగురు అట్టలు వేస్తారు. ఆయన మాత్రం ఆ మందునూ అట్టలనూ ఇంట్లోకి రానివ్వడు. బోనులో పడ్డదాన్ని ఊరి బయట, కొత్త రోడ్డు అవతలి బీడులో వదిలొస్తాడని వీధంతా చెప్పుకుంటుంది. వానొచ్చినా అంతే, ఒళ్ళు వెచ్చబడినా అంతే. పిల్లలు ఆయనకు 'ఎలుకల మామయ్య' అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు మొదట నవ్వుకున్నారు గానీ, రానురాను వాళ్ళూ ఆ మాట గౌరవంగానే అనసాగారు.

భార్యకు మాత్రం ఒళ్ళు మండేది.

"ఎలుకల మీదున్న జాలి పెళ్ళాం మీద లేకపోయింది. కాలు చాపుకునే చోటు లేక నేనిక్కడ చస్తుంటే, వెనక రెండు గదులూ మీ చెల్లెలు ఏలుకుంటోంది."

"మెల్లగా. వింటుంది."

"విననీండి! నాకేం భయం?"

"తనంతట తాను వెళ్తే తప్ప కదిలించనని నాన్న పోయేముందు ఒట్టేశాను. ఆ మాట నేను తప్పను."

వెనక గదుల్లో చెల్లెలు కళ్ళు తుడుచుకుని మళ్ళీ కుట్టుమిషను తొక్కేది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ గదులూ, ఆ మిషనూ, బడికెళ్ళే కూతురూ. పనితనం ఉంది కాబట్టి పెళ్ళిబట్టలు కూడా ఆమె దగ్గరికే వచ్చేవి. ఆ చోటు ఉన్నంతవరకూ తల్లీకూతుళ్ళకు నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్తాయి. అది పోతే ఇద్దరూ వీధిన పడ్డట్టే.

పొద్దున పాపను బడికి తీసుకెళ్తుంటే గేటు దగ్గర అన్నయ్య సంచితో ఎదురయ్యేవాడు. పాప అందులోకి తొంగిచూసేది.

"మామయ్యా, ఇవాళ్టిది ఎంత లావుందో! టాటా చెప్పనా?"

"చెప్పు తల్లీ. పాపం, దానికీ పిల్లలుంటాయి."

ఎక్కడ దూరాయో ఏమో, ఎలుకలు చెల్లెలి గదుల్లోనూ తిరగడం మొదలుపెట్టాయి. మొదట సబ్బుబిళ్ళ కొరికాయి. తర్వాత దారపు ఉండలు. చివరికి ఒక పెళ్ళికూతురి పట్టుబట్టకు నట్టనడుమ చిల్లు పెట్టాయి. పెళ్ళికూతురి తల్లి ఆ బట్టను ఆమె ముఖాన విసిరికొట్టింది.

"కుట్టమని ఇచ్చానా, ఎలుకలకు మేపమని ఇచ్చానా?"

ఆ మాట ఊరంతా పొక్కింది. బట్టలిచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ముఖం చాటేశారు.

అన్నయ్య తల్లడిల్లిపోయాడు. సెలవు పెట్టి మరీ తనే సిమెంటు కలిపి, గాజుపెంకులు కూరి కన్నాలన్నీ పూడ్చాడు. తూముకు జాలీ బిగించాడు. తలుపు కింద సందుకు రేకు కొట్టాడు. "ఇక చీమ కూడా దూరదు," అన్నాడు.

ఆ వారంలోనే మిషను కిందనుంచి ఎలుక పరిగెత్తింది.

ఈసారి ఎలుకలు పట్టే మనిషిని పిలిపించాడు. అతను మంచం జరిపి, గోడలు తట్టి చూసి, బుర్ర గోక్కున్నాడు.

"లోపల గూడు లేదమ్మా. బయట్నుంచి దారీ లేదు. తలుపు తీసి ఎవరన్నా వదిలితే తప్ప రావు."

చెల్లెలు మెల్లగా వదిన వైపు తిరిగింది. ఆ గదుల రెండో తాళంచెవి వదిన వంటింట్లోనే మేకుకు వేలాడుతుంది.

"నావైపు చూస్తావేం? ఎలుకంటేనే నాకు కడుపులో తిప్పుతుంది!" అని అరిచింది వదిన.

అన్నయ్య వంటింట్లోకి వెళ్ళి తాళంచెవి తెచ్చి, అందరూ చూస్తుండగా జేబులో వేసుకున్నాడు.

"ఇది ఇక నా దగ్గరుంటుంది. నీకేం భయం లేదమ్మా."

అయినా ఆగలేదు. వదిన ఇంకో తాళంచెవి చేయించుకుని ఉంటుందని చెల్లెలు అనుకుంది. ఒక సెలవురోజు మధ్యాహ్నం నిద్రపోతున్న పాప కెవ్వుమంది. కాలి బొటనవేలు కొనంతా నెత్తురు. అన్నయ్యే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. సూది దిగుతుంటే పాప ఆయన చొక్కా పట్టుకుని వెక్కింది.

"మామయ్యా, మన ఎలుకలు మంచివి కదా. ఇది ఎవరి ఎలుక?"

"ఎవరిదో తల్లీ. దారి తప్పి వచ్చుంటుంది."

ఆ దెబ్బతో చెల్లెలి ధైర్యం చచ్చిపోయింది.

"అన్నయ్యా, బట్టల ఫ్యాక్టరీలో పని ఉందట. షెడ్డులో ఓ మూల పడుకోనిస్తారట. వెళ్ళిపోతాను."

"నాన్నకు మాటిచ్చాను. నా నోటితో నేను వెళ్ళమనలేనమ్మా."

"నువ్వెందుకంటావు? నేనే వెళ్తున్నాను. ఎవరు పొగబెట్టారో నాకు తెలియదా?" అంటూ ఆయన చేతులు కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకపోతే ఎప్పుడో చచ్చేదాన్ని అన్నయ్యా."

వదినతో మాట్లాడకుండానే బండెక్కింది. కట్టుకట్టిన కాలు ఒళ్ళో పెట్టుకుని పాప మామయ్యకు టాటా చెప్పింది.

ఆ సాయంత్రం భార్య కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

"ఆడపడుచును వెళ్ళగొట్టానని వీధంతా నా ముఖాన ఉమ్మేస్తోంది. గదులు కావాలన్నాను, నిజమే. కానీ ఒట్టేసి చెప్తున్నా, నేనేం చేయలేదండీ."

"నాకు తెలుసులే," అన్నాడు ఆయన, ఆమె వీపు నిమురుతూ.

మర్నాడు పొద్దున బోనులో మళ్ళీ ఎలుక పడితే, ఆయన సంచి పట్టుకుని వీధి చివరి దాకా నడిచి, కొత్త రోడ్డు అవతలి బీడుకు ఎటు వెళ్ళాలని బడ్డీకొట్టు అతన్ని అడిగాడు.